కిందిమెట్టు మీద కప్పు

చీర్‌లీడింగ్ అనగానే మనకు గుర్తొచ్చేది ఐపీఎల్. ఫోరు కొడితే గంతులేసే అమ్మాయిలు... అంతే! అమెరికాలో కథ వేరు. 1898లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జానీ క్యాంప్‌బెల్ అనే విద్యార్థి ప్రేక్షకుల ముందు నిలబడి నినాదాలు పలికించడంతో అది మొదలైందంటారు. ఇప్పుడది పిల్లిమొగ్గలు, పిరమిడ్లతో పిల్లలు పోటీపడే ఆట. 2021లో ఒలింపిక్ కమిటీ ఈ క్రీడ అంతర్జాతీయ సమాఖ్యకు పూర్తి గుర్తింపు కూడా ఇచ్చింది.

ఏడాదంతా శిక్షణ ఇస్తూ, వేల డాలర్లు తీసుకునే ఆల్‌స్టార్ జిమ్‌లు ఒకవైపు. ఊరి పిల్లలంతా సరదాగా చేరే రిక్రియేషన్ జట్లు మరోవైపు. అక్కడ స్థిరపడిన మన తెలుగువాళ్ల పిల్లలూ ఈ రెండో రకం జట్లలో కనిపిస్తుంటారు. ఇక్కడే వస్తుంది చిక్కు. ఎవరితో ఎవరు పోటీపడాలి?

అందుకే లెవెల్స్ పెట్టారు. మొదటి లెవెల్లో కార్ట్‌వీల్ లాంటి తేలికపాటివే. రెండో లెవెల్లో చేతుల మీదుగా వెనక్కి ఎగిరి లేచే హ్యాండ్‌స్ప్రింగ్. మూడో లెవెల్లో చేతులు నేలకు తగలకుండా గాల్లోనే పల్టీ. రాని పిల్లతో పల్టీ కొట్టిస్తే మెడ విరుగుతుంది. అందుకే పై లెవెల్ విన్యాసం చేస్తే మార్కులు కోసేస్తారు. అయితే, పైది వచ్చినవాళ్లు కిందికి దిగితే? దాన్ని ఆపడం కష్టం. ఎందుకంటే చాలా పోటీల్లో లెవెల్‌ని ఎంచుకునేది కోచే! తేలికైనవాటిని తప్పుల్లేకుండా చేసి కప్పు పట్టుకుపోతారు. దీనికి అక్కడివాళ్లు పెట్టిన పేరు... శాండ్‌బ్యాగింగ్.

ఓ తెలుగు కుటుంబంలో ఈ ప్రశ్న భోజనాల బల్ల దగ్గరికే వచ్చింది. కూతురికి పదకొండేళ్లు. జట్టులో 12 మంది. రెండో లెవెల్లో దిగి వరసగా రెండుసార్లు ఓడారు. 'మొదటి లెవెల్‌కి మారితే కప్పు మనదే' అన్నారు కొందరు తల్లిదండ్రులు. అమ్మకూ సబబే అనిపించింది. ఓడినప్పుడల్లా కారులో వెనక సీట్లో మౌనంగా కూర్చునే కూతుర్ని చూస్తోంది మరి!

"హ్యాండ్‌స్ప్రింగ్ రావడానికి నాకు ఏడాది పట్టిందమ్మా. అది చెయ్యకుండా గెలిస్తే నేనేం గెలిచినట్టు?" అంది కూతురు.

"మరి రానివాళ్ల సంగతేంటే?"

అదీ న్యాయమైన ప్రశ్నే. ఇద్దరికి వచ్చినంత మాత్రాన జట్టంతా పైకెక్కితే మిగతావాళ్లకు ప్రమాదం. న్యాయనిర్ణేతలు కూడా ఒక విన్యాసాన్ని జట్టులో ఎంతమంది చేశారో చూస్తారు. కాబట్టి కిందికి దిగడం ప్రతిసారీ మోసం కాదు. ఎందుకు దిగుతున్నామన్నదే అసలు సంగతి.

కోచ్ ఓటింగు పెట్టలేదు. ప్రాక్టీసులో ఒక్కొక్కరి చేతా హ్యాండ్‌స్ప్రింగ్ చేయించింది. 9 మంది భయం లేకుండా చేశారు. రెండో లెవెలే ఖాయం చేసింది. మిగతా ముగ్గురికీ రాని విన్యాసాన్ని అప్పగించకుండా వరసలు మార్చింది. ఆ సీజన్లో వాళ్లకు కప్పు రాలేదు. ముగ్గురిలో ఒకమ్మాయికి మాత్రం హ్యాండ్‌స్ప్రింగ్ వచ్చింది. ఆ రోజు జట్టంతా అరిచిన అరుపులకు జిమ్ దద్దరిల్లింది!

ఇది అమెరికా గొడవేలే అనుకోనక్కర్లేదు. వయసు తగ్గించి పిల్లల్ని చిన్న జట్లలో ఆడించే పెద్దలు మన దగ్గరా ఉన్నారు. అందుకే బీసీసీఐ అండర్-16 కుర్రాళ్ల మణికట్టుకు ఎక్స్‌రే తీయించి, ఎముకను బట్టి వయసు తేలుస్తోంది. వయసు దాస్తే ఎముక చెబుతుంది. వచ్చిన విద్యను దాస్తే చెప్పే ఎక్స్‌రే లేదు. ఆ లెక్క తేల్చాల్సింది కోచ్‌లూ, అమ్మానాన్నలే!