అమ్మ మంచం పక్కన కిత్తనార

"ముళ్ల మొక్కని పడగ్గదిలో పెడతావేంట్రా? ఇంటికి అరిష్టం" అంది అమ్మ.

2016 నవంబరు, దీపావళి వెళ్లిన వారం. మయూర్ విహార్‌లో మా మూడో అంతస్తు బాల్కనీలో నిలబడితే ఎదుటి బ్లాకు కూడా సరిగ్గా కనపడటం లేదు. పొగ వల్ల ఢిల్లీలో బళ్లు మూసేశారు. మా ప్రకాశం జిల్లాలో నలభై ఏళ్లు కట్టెల పొయ్యి ఊదిన అమ్మకి ఊపిరితిత్తులు అప్పటికే దెబ్బతిని ఉన్నాయి. రాత్రంతా దగ్గుతూనే ఉండేది.

నేను హేతువాదిని. వాస్తు అనే మాట వినపడితే నాకు పూనకం వస్తుంది. ముల్లుకీ అరిష్టానికీ సంబంధమేమిటో చెప్పమని అమ్మకి అరగంట క్లాసు పీకాను. పాపం, దగ్గుతూనే వింది. చివరికి నేనే గెలిచాను. కిత్తనార కుండీ ఆవిడ మంచం పక్కనే చేరింది.

అసలు దాన్ని ఎందుకు తెచ్చానంటారా? ఈ జాతి మొక్కలు రాత్రిపూట ఆక్సిజన్ వదులుతాయనీ, గాలిని శుభ్రం చేస్తాయనీ ఎక్కడో చదివాను. ఢిల్లీలో ఈ మాటకి గిరాకీ ఎక్కువ. నెహ్రూ ప్లేస్‌లో వ్యాపార భవనం నడిపిన కమల్ మీటల్ 2009లో టెడ్ వేదిక మీద మూడు రకాల మొక్కలతో ఇంట్లోనే స్వచ్ఛమైన గాలి పండించవచ్చన్నారు. వాటిలో కత్తుల్లాంటి ఆకులుండే స్నేక్ ప్లాంట్‌ని పడగ్గది మొక్క అన్నారు. అది మా కిత్తనారకి చుట్టమే. పైగా నాసా పేరు కూడా జతపడింది. ఇంకేం కావాలి? బాబాలు చెబితే ఆధారం అడిగే నేను, నాసా అనగానే నోరు మూసుకున్నాను.

ఆ రెండు చలికాలాలూ ఇంట్లోకి గాలి శుద్ధి చేసే యంత్రం కొనలేదు. అమ్మకి మంచి మాస్కు కూడా కొనలేదు. "మొక్క ఉందిగా!" 2018 జనవరిలో ఒక రాత్రి ఆవిడకి ఊపిరి అందక ఆసుపత్రికి పరుగెత్తాం. ఇంట్లో ఏం జాగ్రత్తలు తీసుకుంటున్నారని డాక్టరు అడిగితే మొక్క సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

తర్వాత కూర్చుని చదివాను. ముందే చదవాల్సింది.

కిత్తనార ఎడారి బుద్ధి ఉన్న మొక్క. పగలు ఆకు రంధ్రాలు తెరిస్తే నీరంతా ఆవిరైపోతుంది కాబట్టి రాత్రి తెరుస్తుంది. అప్పుడు కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చి ఆమ్లంగా దాచుకుంటుంది, తెల్లారాక ఎండలో దాన్ని చక్కెరగా మార్చుకుంటుంది. ఇంతవరకూ నిజమే. కానీ ఆక్సిజన్ పుట్టేది నీటి అణువు విడిపోయినప్పుడు, దానికి వెలుతురు కావాలి. చీకట్లో పుట్టదు. పోనీ పుట్టిందే అనుకుందాం. మనిషికి రోజుకి సుమారు 550 లీటర్ల ఆక్సిజన్ కావాలి, కుండీలో మొక్క ఏ మూలకి? అయినా ఢిల్లీ గాలిలో ఆక్సిజన్‌కి ఏం కొరత? అది మామూలుగానే 21 శాతం ఉంది. అమ్మని చంపుతున్నది దుమ్ము, 2.5 మైక్రాన్లకి మించని కణాలు.

నాసా 1989లో చేసిన ప్రయోగం మూసిపెట్టిన చిన్న పెట్టెల్లో, బెంజీన్, ఫార్మాల్డిహైడ్ లాంటి వాయువుల మీద. పొగ కణాల మీద కాదు. మా ఇల్లు పెట్టె కూడా కాదు, తలుపు తీస్తే గాజీపూర్ చెత్తకొండ వాసన లోపలికొస్తుంది. ఇలాంటి ప్రయోగాలన్నిటినీ తిరిగి లెక్కగట్టిన అమెరికా పరిశోధకులు కమ్మింగ్స్, వారింగ్ 2019లో ఏం తేల్చారంటే, కిటికీల సందుల్లోంచి మామూలుగా జరిగే గాలి మార్పిడికి సాటి రావాలంటే చదరపు మీటరుకి పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని. ఇక అమ్మ మంచం ఎక్కడ వేయాలి?

ఆ రెండేళ్లలో మొక్క కూడా బాగుపడలేదు. ఎండ లేక ఆకులు పాలిపోయి సాగాయి. నేనేమో ప్రేమ కొద్దీ రోజూ నీళ్లు పోశాను, మొదలు కుళ్లడం మొదలైంది. అమ్మ ఆసుపత్రి నుంచి వచ్చాక గదిలో హెపా ఫిల్టరు యంత్రం పెట్టి, కిత్తనారని దక్షిణపు బాల్కనీకి మార్చాను. కుళ్లిన వేళ్లు కోసి, నాలుగు రోజులు ఆరబెట్టి, సగానికి పైగా ఇసుక, ఇటుక ముక్కలు కలిపిన మట్టిలో, అడుగున చిల్లు ఉన్న మట్టికుండీలో నాటాను. ఒకేసారి మండుటెండలో పెడితే ఆకులు మాడతాయి, వారం పది రోజులు అలవాటు చేయాలి. మట్టి పూర్తిగా ఎండాకే నీళ్లు. డిసెంబరు, జనవరిల్లో నెలకోసారి కూడా ఎక్కువే. ఆకుల కొనలకి సీసా బిరడా ముక్కలు గుచ్చాను. ముల్లు గురించి అమ్మ చెప్పిన కారణం తప్పే గానీ, భయం మాత్రం తప్పు కాదు. మంచం పక్కన సూది లాంటి ముల్లేమిటి?

ఒకరోజు మా వాచ్‌మన్ దీన్ని కలబంద అనుకుని ఒక మట్ట కోసి రసం చేతులకి పూసుకున్నాడు. సాయంత్రానికి దద్దుర్లు. ఈ రసం చర్మానికి పడదు, కలబందతో పొరబడకండి.

ఇప్పుడది మోకాలెత్తు పెరిగింది, చుట్టూ పిలకలేసింది. అమ్మ బతికే ఉంది, యంత్రం రొదని తిడుతూ.

మొన్న పక్కింటాయన ఒక పిలక అడిగి, "ఏ దిక్కున పెట్టాలండీ?" అన్నాడు. ఎండ పడే దిక్కున, అన్నాను. నిన్న వాళ్లింటికి వెళితే హాల్లో సోఫా పక్కన, ఆక్సిజన్ కోసమని ఉంది.