యార్కు పట్టణపు పానశాలలును ఊజు నదీతీరమును

ఇంగ్లాండు దేశమునకు బోయివచ్చినవారు లండను నగరమును గూర్చి వ్రాయుట పరిపాటి. మేము లండనునకు ఉత్తరముగా రైలుబండిలో రెండు గంటల ప్రయాణమున నున్న యార్కు పట్టణమును గూర్చి వ్రాయబూనితిమి. అందును, మన యిండ్లలో పేరు చెప్పినంతనే మొగము చిట్లించుకొను పానశాలలను గూర్చి వ్రాయుచున్నాము. మద్యము ముట్టని కుటుంబపు స్త్రీలు పానశాలల జోలికేల పోయిరని సోదరీమణు లడుగవచ్చును. ఆ దేశమున నొక యూరి స్వభావమును దెలిసికొనవలయునన్న దేవాలయమెంత ముఖ్యమో పానశాలయు నంత ముఖ్యము. బాటసారికి భోజనము, చలికి నిప్పు, పొరుగువారితో ముచ్చట, ఇవన్నియు నచ్చటనే లభించును. వారు దానిని పబ్బు అందురు. ‘పదుగురి యిల్లు’ అని దాని పూర్తి పేరునకు అర్థము. పదుగురిలో స్త్రీలును గలరా యనునదియే మేము చూడగోరిన సంగతి.

మాతో మా వదినగారును, అచ్చటి విశ్వవిద్యాలయములో జదువుచున్న మా మేనకోడలును ఉండిరి. వదినగారిది నెల్లూరు సీమ. ఈ మాట ఏల చెప్పుచున్నామో ముందు దెలియగలదు.

యార్కు చాల ప్రాచీనమైన పట్టణము. క్రీ. శ. 71వ సంవత్సరమున రోమనులు ఇచ్చట దండు విడిసి కోట కట్టిరి. 866లో ఉత్తరదేశపు నావికులగు వైకింగులు దీనిని గెలుచుకొనిరి. వారి భాషలో ‘గాట’ యనగా వీథి. అందుచేత నేటికిని ఈ యూరి వీథుల పేళ్లు అనేకములు ‘గేటు’ అను మాటతో ముగియును. నిజమైన కోటగుమ్మములకు మాత్రము ‘బారు’ అని పేరు. కావున ఈ యూర వీథులు గేట్లు, గేట్లు బార్లు, బార్లు పబ్బులు అని స్థానికులు నవ్వుచు జెప్పుదురు. రాతితో ఎత్తుగా గట్టిన మికిల్‌గేటు బారు ముందు నిలిచి, వదినగారు “ఏమే, ఇంత పెద్ద బారా?” యని కుమార్తె నడిగినపుడు ఆ పిల్లకు నవ్వాగలేదు. ప్రాకారముపై నడచుటకు దారి గలదు. ఒక పూటలో పట్టణమును చుట్టి రావచ్చును. ఎక్కుటకు దిగుటకు మెట్లు మాత్రము నిటారుగా నున్నవి. మోకాళ్ల నొప్పులు గలవారు క్రిందనే యుండుట మేలు.

పట్టణము నడుమగా ఊజు నది పాఱుచున్నది. మన గోదావరిని జూచిన కన్నులకు అది పంటకాలువవలె దోచును. కాని దాని కోపము చిన్నది కాదు. పడమట నున్న కొండలోయలనుండి స్వేలు, యూరు, నిడ్డు అను మూడు నదులు వచ్చి దానియందు గలియును. ఆ కొండలలో వాన కురిసిన కొంతసేపటికి, ఇచ్చట ఎండ కాయుచున్నను, నీరు పెరుగును. భద్రాచలమున 43 అడుగులకు మొదటి హెచ్చరిక యని మన మెట్లు లెక్క పెట్టుకొందుమో వారును అట్లే లెక్క పెట్టుకొందురు. 2000 సంవత్సరపు నవంబరులో నీరు మామూలు మట్టమునకు పైని 5.4 మీటర్లు లేచినది. 2015 డిసెంబరులో, క్రిస్టమస్ పండుగ మఱునాడు, ఫాసు అను ఉపనది ముఖమున నున్న అడ్డుతలుపు యంత్రశాలలోనికి నీరు చొరబడగా తలుపును ఎత్తివేయవలసివచ్చెను. వందల యిండ్లు మునిగినవి.

నది యొడ్డున రాతిపరుపు మీద ‘కింగ్సు ఆర్మ్సు’ అను పానశాల గలదు. ఏటేట నీళ్లలో మునుగు పానశాల యని దానికి ప్రసిద్ధి. తలుపు ప్రక్కను ఏ సంవత్సరమున నీరెంత యెత్తు వచ్చినదో గుర్తులు పెట్టియున్నారు. ఇతర పానశాలలలో మద్యపు పీపాలు నేలమాళిగలో నుండగా ఇచ్చట మేడమీద నుండును. గోడలు ఱాయి, నేల ఱాయి. నీరు తీసిన పిమ్మట కడిగి, ఆరబెట్టి, మఱల తలుపులు తెఱతురు. ఈ ఓర్పును జూచి మాకు కోనసీమ లంకగ్రామములలో అటకమీదికి ధాన్యమును చేర్చుకొను గృహిణులు తలపునకు వచ్చిరి.

ఇచ్చటికి కొలది దూరమున ఊజు వంతెన యున్నది. ఇప్పటి వంతెన 1820లో ముగిసినది. దానికి బూర్వ మున్న వంతెన మీద ఇండ్లు, కారాగారము, సుంకపుచావడి యుండెడివి. ఆ చావడిలో 1586 మార్చి 25వ తేదీన మార్గరెట్ క్లిథరో అను కసాయివాని భార్యను తలుపు క్రింద బడవైచి, పైని బరువులు పెట్టి చంపిరి. తన మతపు గురువుల కింటిలో చో టిచ్చినదని నేరము. ఆమె విచారణకు సమ్మతింపలేదు. సమ్మతించినచో తన పిల్లలచే తనకు విరుద్ధముగా సాక్ష్యము చెప్పింతురు. ఆ గతి వారికి బట్టరాదని ఆమె యూరకుండెను. 1970లో ఆమెను పునీతురాలిగా బ్రకటించిరి. వంతెన మీద ఆమె పేర నొక పలక యున్నది. దానిని చదివి వదినగారు చాలసేపు నీటివంక జూచుచు నిలిచిరి.

మధ్యాహ్నము స్టోన్‌గేటు వీథిలోని ‘ఓల్డు స్టారు’ అను పానశాలకు బోతిమి. దీనికి 1644 నుండియు అనుమతిపత్రము గలదందురు. వీథికి అడ్డముగా ఈ యింటి ప్రక్కనుండి ఆ యింటి ప్రక్కకు కట్టిన దూలమే దాని పేరుపలక. ఇఱుకుసందులో నుండి లోనికి బోవలయును. తక్కువ కప్పు, నల్లని దూలములు, నిప్పుగూడు. వడ్డించువారు మనయొద్దకు రారు. మనమే బల్లయొద్దకు బోయి అడిగి, సొమ్ము చెల్లించి, తెచ్చుకొనవలయును. వరుస నిలుచుట లేదు గాని ఎవరు ముందు వచ్చిరో అందఱకు దెలియును. అది యొక విచిత్రమైన మర్యాద. వారి బీరు ‘పైంటు’ అను కొలతలో, అనగా 568 మిల్లీలీటర్ల గ్లాసులో వచ్చును. మేము తేనీరును, కూరగాయల వంటకమును దెచ్చుకొంటిమి. ఎవరును వింతగా జూడలేదు. ప్రక్క బల్లయొద్ద నొక ముసలమ్మ మనుమరాలికి బంగాళదుంపలు ముక్కలు చేసి పెట్టుచుండెను. బల్ల క్రింద నొక కుక్క పండుకొనియుండెను. పొగ యన్నది లేదు. 2007 జూలై 1వ తేదీనుండి ఇంగ్లాండులో ఇట్టి గృహములలో పొగత్రాగుట నిషిద్ధము.

“చూచితివా అమ్మా, ఇది మన కాఫీహోటలు వంటిదే” యని మేనకోడలు అనెను. వదినగారు తేనీరు చల్లార్చుకొనుచు “ముందు ఈ ఇంట ఆడవాళ్ల సంగతి చెప్పు, తరువాత హోటలందువు గాని” యనిరి.

ఆ సంగతి చెప్పదగినదే. పూర్వకాలమున ఇంగ్లాండులో బీరువంటి ‘ఏలు’ అను పానీయమును కాచుట చాలవఱకు ఆడవారి పని. ఇంటికి గావలసినది కాచుకొని, మిగిలినది అమ్ముకొని, విధవరాండ్రును పేదరాండ్రును నాలుగు డబ్బులు కూడబెట్టుకొనెడివారు. ఇంటిముందు కఱ్ఱకు కొమ్మ గట్టి నిలిపిన అమ్మకమున్నదని గుర్తు. పిమ్మట హాప్సు అను తీగె పూతతో గాచు బీరు సముద్రము దాటి వచ్చినది. అది త్వరగా చెడదు, దూరము పంపవచ్చును. పెద్ద పాత్రలు, పెద్ద పెట్టుబడి కావలసివచ్చెను. సంఘములు పురుషుల చేతిలో నుండెను. క్రమముగా ఆడవారి చేతినుండి పని జాఱిపోయెను. మన కాకది వింతగా దోపదు. ఇంటిలో నున్నంతకాలము అది ఆడపని, లాభము వచ్చిన నాడది వ్యాపారము!

తరువాతి కాలమున ఆడవారు ఆ గృహములలో వడ్డించువారుగా నుండిరి గాని గౌరవముతో గూర్చుండు హక్కు వారికి చాలకాలము లేదు. స్త్రీపురుష భేదమును చూపరాదని 1975లో శాసనమైన పిమ్మటను, లండనులో ఎల్ వీనో అను ద్రాక్షాసవశాలవారు ఆడవారికి బల్లయొద్ద నిలువబెట్టి వడ్డింపమని పట్టుబట్టిరి. ఇద్దఱు స్త్రీలు న్యాయస్థానమున కెక్కి 1982లో గెలిచిరి. మేము బల్లయొద్ద నిలిచి తేనీ రడిగినపుడు ఈ కథ మాకు గుర్తున్నది.

ఇక గృహిణులు తప్పక వినవలసిన భాగమిది. 1899లో సీబోము రౌంట్రీ అను యార్కు వాసి 11,560 కుటుంబముల స్థితిని ఇంటింట విచారింపించి, 1901లో ‘పేదరికము’ అను గ్రంథమును బ్రకటించెను. పట్టణ జనములో నూటికి ఇంచుమించు ఇరువదెనిమిదిమంది పేదలని తేలెను. వారిలో ఎక్కువమందికి రాబడి అసలు చాలనిది కాదు. వచ్చినది వేఱు దారుల బోవుచుండెను. ఆ దారులలో మొదటిది పానశాల. జీతము చాలదా, జీతము ఇల్లు చేరదా? ఈ భేదమును అంకెలలో చూపిన ఘనత ఆయనదే. అయినను త్రాగువానిని తిట్టి యూరకుండలేదు. ఇఱుకు గదులు, చీకటి సందులు, విశ్రాంతి లేని పని మనుష్యుని అచ్చటికి ద్రోయునని గూడ వ్రాసెను. పిల్లలు కూజాలు పట్టుకొని తండ్రులకు బీరు తెచ్చుట యా కాలపు మామూలు. 1908 శాసనముచే పదునాలుగేండ్ల లోపు పిల్లలను ఆ గదులలోనికి రానీయరాదని కట్టడి చేసిరి.

ఈ రౌంట్రీల కథ వెనుక ఒక స్త్రీ యున్నది. 1725లో మేరీ ట్యూకు అను అవివాహిత యార్కులో కిరాణా దుకాణము పెట్టెను. అనుమతి లేని యాడది వ్యాపారము చేయరాదని వర్తకసంఘమువారు ఆమెను ఏండ్ల తరబడి బాధించిరి. ఆమె విడువలేదు. చివరకు వారే విడిచిరి. ఆ దుకాణము మేనల్లునికి, ఆతని సంతతికి వచ్చి కోకో వ్యాపారముగా బెరిగి, 1862లో రౌంట్రీల చేతికి వచ్చెను. వీరు క్వేకరులు. మద్యమునకు బదులు జనులకు వెచ్చని కోకో నీయవలయునని వారి తలంపు. సీబోము తండ్రి జోసెఫు 1902 మొదలు న్యూ యియర్స్‌విక్కు అను పల్లెను తోటలతో గట్టించెను. అందు పానశాలకు చోటీయలేదు. మన పిల్లలు మారాము చేయు కిట్‌క్యాటు, 1935లో వేఱు పేరుతో, ఈ కర్మాగారముననే పుట్టినది. 1988లో ఆ సంస్థను స్విట్జర్లాండు దేశపు నెస్లేవారు కొనిరి.

రాత్రి బసలో వదినగారికిని కూతురికిని వాదము జరిగెను. నెల్లూరు సీమ దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు బోయిన స్త్రీలు సారా దుకాణమును మూయించిన దినములను వదినగారెఱుగుదురు. ఆ యుద్యమము జిల్లా లెల్ల బ్రాకి వేలములను ఆపినది. 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశమున సారా నిషిద్ధమైనది. 1995లో సంపూర్ణ నిషేధము వచ్చి 1997లో సడలినది.

“నీవు చూచినది ముసలమ్మను, కుక్కపిల్లను. ఆ ముసలమ్మ తాత ఎవరిని కొట్టెనో నీకేమి తెలియును?” అని వదినగారనిరి.

“కాలము మాఱినది గదా అమ్మా. ఇప్పుడు ఆమెయే వచ్చి కూర్చున్నది గదా!”

“కూర్చున్నందుకు సంతోషమే. త్రాగువాని జీతము ఇల్లు చేరుచున్నదా యని నా ప్రశ్న.”

మా యభిప్రాయ మడిగిన, ఇద్దఱిలో వదినగారి ప్రశ్న పెద్దది. మేనకోడలి కన్ను చుఱుకైనది. సారాకొట్టునకును ఈ గృహమునకును భేదము లేదనుట న్యాయము కాదు. ఇచ్చట అన్నమున్నది, వెలుతురున్నది, భార్యయు బిడ్డలును ప్రక్కనుందురు. అట్లుండుట వలననే పురుషుడు కొంత యదుపులో నుండును. కాని శనివారము రాత్రి పొద్దుపోయిన పిమ్మట మికిల్‌గేటులో మేము విన్న కేకలు కోకో త్రాగినవారివి కావు.

మఱునాడు ఉదయము నదివెంట దక్షిణముగా నడచితిమి. 1730 ప్రాంతమున చెట్లు నాటి వేసిన ‘కొత్తబాట’ యిది. పేరు మాత్రమే కొత్త. ఫాసు నది ఊజులో గలియుచోట నీలివంతెన దాటి, మఱికొంత దూరము పోయి, 2001లో గట్టిన సహస్రాబ్ది వంతెన మీదుగా ఆవలి యొడ్డున నున్న రౌంట్రీ తోటకు వచ్చితిమి. మొదటి మహాయుద్ధమున మరణించిన తమ పనివారి స్మృతికై ఆ కర్మాగారమువారు 1921లో పట్టణమున కిచ్చినది. వరదలో ఇదియు మునుగును. బాతులు మాత్రము సంతోషించును. వదినగారు పైట బిగించుకొని బెంచీమీద గూర్చుండి, వెంట దెచ్చుకొన్న పులిహోర పొట్లము విప్పిరి.

రైలునకు బోవుచు మఱల రాతిపరుపు ప్రక్కగా నడచితిమి. కొండలలో రాత్రి వాన కురిసినదట. ఎఱ్ఱనీరు మొదటి మెట్టును గప్పియుండెను. పానశాల పనివారిద్దఱు బయటి బల్లలను, తొందర యేమియు లేక, ఒక్కొక్కటిగా లోనికి మోయుచుండిరి.