నారు పోసేది మెదడు, నీరు పెట్టాల్సింది మనం

"మెదడులో కణాలు పోతే పోయినట్టే, మళ్ళీ పుట్టవు" అని చిన్నప్పట్నుంచీ వింటున్నాం కదా. కానీ 1965లోనే ఆల్ట్‌మన్, గోపాల్ దాస్ ఎలుకల హిప్పోకాంపస్‌లో పుట్టిన తర్వాత కూడా కొత్త న్యూరాన్లు వస్తాయని చూపించారు. చాలా ఏళ్ళు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1998లో పెద్దవయసు మనుషుల్లోనూ కనబడ్డాయన్నారు, 2018లో ఇంకో బృందం అబ్బే లేవంది.

నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం 2011 నాటి ప్రయోగం. కొత్త న్యూరాన్లు పుట్టకుండా చేసిన చిట్టెలుకల్లో, ఒత్తిడి తీరిపోయాక కూడా దాని హార్మోను త్వరగా దిగలేదట. రిలీజ్ అయిన వారానికి ఇంటికెళ్తే, ఫోన్ మోగినప్పుడల్లా నన్ను చూసి నాన్న అడిగేది ఇదే: "పని అయిపోయింది గదరా, ఇంకా ఎందుకు ఉలిక్కిపడుతున్నవ్?"

మా నేరేడుచర్ల వైపు, సాగర్ ఎడమ కాలువ కింద నారుమడి చూసినవాళ్ళకి తెలుసు, నారు పోయగానే పంట కాదు. కొత్త న్యూరాన్లూ అంతే, చాలావరకు కొన్ని వారాల్లోనే చచ్చిపోతాయి. ఎలుకల్లో పరుగు వాటిని పెంచింది, కొత్తవి నేర్చుకోవడం బతికించింది, ఎడతెగని ఒత్తిడి తగ్గించింది. ఎలుకల లెక్క మనకి అచ్చంగా సరిపోతుందనను.

అయినా, నారు పోసినవాడు నీరు పోయడా అని కూర్చుంటే ఎలా? "ఈ ఆదివారం కుదరదు" అని మేనేజరుకి చెప్పడం బద్ధకం కాదండీ, మడికి తడి పెట్టడం.