నల్ల చాకు, తెల్ల చాకు

మా రాయకోట చుట్టుపక్కల సేద్యగాడి జేబులో దుడ్లు లేకపోయినా చాకు ఉంటుంది. టమాట పెట్టెకు కట్టిన తాడు తెంచాలన్నా, నీళ్ళ పైపు కోయాలన్నా, మధ్యాహ్నం గట్టు మీద కూర్చొని మామిడికాయ చీల్చుకోవాలన్నా అదే. ఇంత చిన్న వస్తువు మీద ఇంత రాత అవసరమా అని మీరు నవ్వుకోవచ్చు. కానీ మా ఇంట్లో ఏ చాకు మంచిదన్న మాట ఒక ఏడాది పొడుగునా నలిగింది. అందులో నాకు తెలిసి వచ్చిన సంగతులు నలుగురికీ పనికొస్తాయని రాస్తున్నాను.

నల్ల చాకు అంటే కార్బన్ ఉక్కుతో చేసింది. తెల్ల చాకు అంటే స్టెయిన్‌లెస్ ఉక్కుది. మన పక్క ఆడవాళ్ళు ఎవర్‌సిల్వర్ అంటారే, ఆ జాతిది.

మా నడిపి కూతురు బ్యాంకులో అప్పు తీసి అంటు మొక్కల నర్సరీ పెట్టింది. మామిడికి టెంక అంటు, రోజాకు కన్ను అంటు. మామిడి మొక్క తల నరికి, కాండం నడుమ చీల్చి, మంచి జాతి పుల్లను మేకులాగా చెక్కి అందులో దూర్చి కట్టాలి. పుల్ల తోలు కింది పచ్చటి పొర, మొక్క తోలు కింది పొర ఒకదానికొకటి ఆనుకుంటేనే అంటు పడుతుంది. చాకు మొద్దుగా ఉంటే కోత నలుగుతుంది. నలిగిన చోట పొర ఎండుతుంది, లేదా బూజు పడుతుంది. పడని ప్రతి అంటూ చేతి డబ్బు నష్టమే. అందుకే దానికి చాకు సంగతి ఆట కాదు.

నా దగ్గర ఉన్నది మా ఊరి పెద్దాచారి చేసిన చాకు. లారీ కమాను పట్టాలోంచి తుంచి కొట్టినది. కమాను పట్టా ఉక్కులో నూటికి ముప్పాతిక పాళ్ళకు లోపు, అరపాలుకు పైన కార్బన్ ఉంటుంది. చాకుకు అది చాలు. రాయకోట మార్కెట్టుకు టమాటల కోసం వచ్చే లారీలకు కొదవ లేదు కాబట్టి, విరిగిన కమాను పట్టాలకూ కొదవ ఉండేది కాదు.

ఆయన పని చేస్తుంటే పక్కన కూర్చొని చూసేవాణ్ణి. తిత్తి ఊది, పట్టాను ఎర్రగా కాల్చి, సమ్మెటతో సాగగొట్టి, అంచు తీసి, మళ్ళీ కాల్చేవాడు. రంగు చూసి చటుక్కున ముంచేవాడు. అప్పుడది గాజులాగా గట్టిపడుతుంది, కింద పడితే విరుగుతుంది. అందుకని కొంచెం రుద్ది తెల్లబరిచి, మళ్ళీ సన్నని సెగ మీద పెట్టేవాడు. ఉక్కు మీద ముందు ఎండుగడ్డి రంగు పాకుతుంది, తర్వాత గోధుమ, ఆ తర్వాత ఊదా, చివరికి నీలం. "గడ్డి రంగులో ఆపితే చాకు అప్పా, నీలం దాకా పోనిస్తే అది స్ప్రింగు అవుతాది" అనేవాడు. గడ్డి రంగంటే సుమారు 220 డిగ్రీలు, నీలమంటే 300 అని తర్వాత పుస్తకాల్లో చదివాను. ఆయనకు అంకెలతో పని లేదు.

ఈ చాకు సానరాయి మీద నాలుగు పట్లు పడితే చాలు, వెంట్రుక తెగుతుంది. కానీ దాన్ని మరిచిపోతే ఊరుకోదు. తడిగా జేబులో పెట్టుకుంటే తెల్లారేసరికి ఎర్రటి చుక్కలు. చింతకాయ, నిమ్మకాయ, మామిడికాయ కోస్తే కాయా నల్లబడుతుంది, చాకూ నల్లబడుతుంది, నోట్లో ఇనుము వాసన. తుడిచి, ఆముదమో కొబ్బరినూనో ఒక చుక్క రాయాలి. రోజూ పలకరించాల్సిన చుట్టం లాంటిది అది.

మా బామ్మర్ది పరదేశం నుంచి తెచ్చిన స్విస్ చాకు తెల్లది. ఆ కంపెనీ పెట్టిన కార్ల్ ఎల్సెనర్ తన తల్లి విక్టోరియా పేరునే సరుకుకు పెట్టుకున్నాడు. 1921లో స్టెయిన్‌లెస్ ఉక్కు వాడడం మొదలయ్యాక, ఆ ఉక్కుకు ఫ్రెంచిలో ఉన్న పేరులోని ఇనాక్స్ అనే ముక్కను తగిలించి విక్టోరినాక్స్ అన్నారు. అమ్మ పేరు పక్కన లోహం పేరు చేర్చారంటే తుప్పు పట్టని చాకు ఆ కాలానికి ఎంత గొప్పో చూడండి.

ఉక్కులో క్రోమియం నూటికి పదిన్నర పాళ్ళు దాటితే పైన కంటికి కనిపించని పొర ఒకటి తనకు తానే ఏర్పడుతుంది. గీరుకుపోయినా మళ్ళీ కట్టుకుంటుంది. గాలినీ తడినీ అది లోపలికి పోనివ్వదు. 1913లో ఇంగ్లండు షెఫీల్డులో హారీ బ్రేర్లీ ఈ ఉక్కును తయారుచేశాడు.

ఇక్కడ మనకు సంబంధించిన కథ ఒకటుంది. పూర్వం దక్షిణ దేశపు మూస ఉక్కు సీమకు పోయింది. వాళ్ళు దాన్ని వూట్జ్ అన్నారు. అది కన్నడంలోనూ తెలుగులోనూ ఉన్న మన ఉక్కు మాటే అని చాలామంది పండితుల అభిప్రాయం. నిజామాబాదు పక్క కోనసముద్రంలో దీన్ని కొనడానికి పర్షియా వర్తకులు వచ్చేవాళ్ళు. 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీ ముందు ఈ ఉక్కు మీద వ్యాసం చదివాడు. జేమ్స్ స్టోడార్ట్ అనే లండన్ కత్తుల పనివాడు ఈ ఉక్కుతో కలం చెక్కే చిన్న చాకు చేశాడు. తర్వాత ఆయనా మైకేల్ ఫారడే కలిసి, మన ఉక్కు మర్మం పట్టుకోవాలని ఉక్కులో రకరకాల లోహాలు కలిపి చూశారు. 1822 నాటి వాళ్ళ వ్యాసంలో క్రోమియం కలిపిన ఉక్కు కూడా ఉంది. అంటే నల్ల చాకును వెతుకుతూ పోయినవాళ్ళే తెల్ల చాకు గడప దాకా వెళ్ళి వచ్చారన్నమాట.

తెల్ల చాకు మొద్దుది, దానికి పదును నిలవదని మన ఊళ్ళలో ఒక మాట ఉంది. అంగట్లో చవగ్గా దొరికే వాటికి ఆ మాట తగినదే. వాటిలో కార్బన్ తక్కువ, కాల్పు సరిగా ఉండదు. కార్బన్ తగినంత ఉండి, సరిగా కాల్చిన తెల్ల ఉక్కు పదును బాగానే నిలుపుకుంటుంది. కాకపోతే అందులో క్రోమియం, కార్బన్ కలిసి గట్టి రవ్వలు కడతాయి కాబట్టి సాన పట్టడానికి ఎక్కువసేపు రుద్దాలి. ఇంకొక మాట. అయస్కాంతానికి అంటుకుంటే అది ఎవర్‌సిల్వర్ కాదని అంటారు. గిన్నెల ఉక్కు సాధారణంగా అంటుకోదు, నిజమే. కానీ గట్టిపడే చాకు ఉక్కు అంటుకుంటుంది. అయస్కాంతం పెట్టి చూసి అంగడివాడితో జగడం పెట్టుకోకండి.

అసలు తేడా నాకు పెద్దాచారి మాటలోనే దొరికింది. స్విస్ చాకు ఆయన చేతిలో పెట్టి, "ఇట్లాంటిది చెయ్యగలవా?" అని అడిగాను. తిప్పి తిప్పి చూసి, గోటి మీద అంచు ఆనించి, "మంచి సరుకే అప్పా. అయితే ఇది నా కంటికి చిక్కదు" అన్నాడు.

ఆ మాట అర్థం కావడానికి నాకు నాళ్ళు పట్టింది. నల్ల ఉక్కును 800 డిగ్రీల దగ్గర ముంచితే గట్టిపడుతుంది. ఆ వేడి బొగ్గుల కొలిమిలో వస్తుంది, చెర్రీ పండు ఎరుపులో కంటికి కనిపిస్తుంది. తెల్ల ఉక్కుకు వెయ్యి డిగ్రీలు, అంతకు పైన కూడా కావాలి. ఆ వేడి హెచ్చుతగ్గులు లేకుండా కొంతసేపు నిలవాలి. దానికి మీటరు ఉన్న పొయ్యి ఉండాలి. నల్ల చాకును ఊరు చేసుకోగలదు, విరిగితే ఊరే బాగుచేసుకోగలదు. తెల్ల చాకును ఫ్యాక్టరీ మాత్రమే చేయగలదు. ఒకటి మన చేతిని అడుగుతుంది, రెండోది మన చేతిని అడగకుండా పని చేసిపెడుతుంది. ఏది మేలని చాకును మాత్రం చూసి చెప్పలేము.

నా కూతురు తెల్లదాన్నే ఎంచుకుంది. దాని కారణాలు దానివి. "నాయనా, మొక్క మొక్కకూ చాకును మందు నీళ్ళలో ముంచి తుడవాల, లేకుంటే ఒకదాని తెగులు ఇంకొకదానికి అంటుకుంటాది. బ్లీచింగు నీళ్ళలో నీ చాకు ఒక్క పూటలో తుప్పు పడతాది" అంది. నేను కాదనలేకపోయాను. పని దానిది, అప్పూ దానిదే. అయితే రోజూ సాయంత్రం సానరాయి దగ్గర కూర్చొనే అలవాటు మాత్రం నా నుంచి తీసుకుంది. తెల్ల చాకుకు తుప్పు బాధ తప్పుతుందేమో గానీ సాన బాధ తప్పదు.

పెద్దాచారి పోయాక ఆ కొలిమి మళ్ళీ వెలగలేదు. ఆయన మనవడు హోసూరులో ఉక్కు కాల్చే పనిలోనే ఉన్నాడు. మీటరు చూసి పొయ్యి నడుపుతాడు. గడ్డి రంగు, ఊదా రంగు సంగతి చెప్పితే ఆ పిల్లవాడు ఆశ్చర్యంగా విని, "మా తాత నాకు చెప్పలేదే" అన్నాడు. చెప్పేటప్పటికి వీడు బడిలో ఉన్నాడు, వీడు అడిగేటప్పటికి ఆయన లేడు. ఆ రంగుల వరస ఒక కాగితం మీద రాసి వాడికి ఇచ్చాను.

మీ ఊళ్ళో కొలిమి ఇంకా వెలుగుతూంటే ఒక చాకు చేయించుకోండి. చేసేటప్పుడు పక్కన కూర్చోండి. ఏ రంగు దగ్గర ఆపుతున్నాడో అడిగి రాసిపెట్టుకోండి.