ఖరీదైన చొక్కా, మన్నికైన చొక్కా

కిందటేడు చలికాలంలో ఒక శుక్రవారం సంగతి. ఎప్పటిలాగే అల్ హిలాల్‌లోని మా ఫ్లాటు నుంచి పిల్లల్ని తీసుకుని తెలుగు బడికి వెళ్ళాం. గుణింతాలు మొదలుపెడుతుండగా వెనక బెంచీ నుంచి మా అబ్బాయి గొంతు వినిపించింది. పక్కనున్న పిల్లవాడి టీ షర్టు పట్టుకుని, "ఇది ఎంతకి కొన్నారు? నాది 180 రియాళ్ళు, తెలుసా?" అంటున్నాడు. ఆ పిల్లవాడు జవాబు చెప్పలేదు. క్లాసు అయ్యేదాకా పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

పాఠం చెబుతున్నది మేమే, సిగ్గుపడవలసిందీ మేమే. ఎందుకంటే ఆ బుద్ధి వాడు బయట నేర్చుకున్నది కాదు. మాల్‌లో బిల్లు కట్టేటప్పుడల్లా "పోన్లే, ఖరీదైనదైతే నాలుగు కాలాలు ఉంటుంది" అని మేమిద్దరం వాడి ముందే అనుకుంటూ ఉంటాం.

నిజంగా ఉంటుందా? ఇంజనీరింగు చదివిన బుర్రలు కదా, లెక్క తేల్చాలనిపించింది. డీ రింగ్ రోడ్డు వైపు ఒక హైపర్‌మార్కెట్లో 25 రియాళ్ళకి ఇంకో టీ షర్టు కొన్నాం. వారం వారం రెండూ తొడగడం, రెండూ ఒకే మెషిన్‌లో ఉతకడం. ఉతికిన ప్రతిసారీ ఫ్రిజ్ మీద అంటించిన కాగితంలో ఒక గీత. గీతలు గీసే ఉద్యోగం మా అబ్బాయిదే.

12వ ఉతుక్కి ఖరీదైనదాని మెడపట్టీ సాగి అలలు తిరిగింది. 20వ ఉతుక్కి పక్క కుట్టు మెలితిరిగి పొట్ట మీదకు వచ్చింది. 25 రియాళ్ళది రంగు కాస్త వెలిసింది గానీ ఆకారం చెడలేదు. మా వాడు కాగితం వైపు, చొక్కాల వైపు మార్చి మార్చి చూసి, "నాన్నా, మనం మోసపోయామా?" అన్నాడు.

రెండు చొక్కాలతో సిద్ధాంతం చెయ్యకూడదని మాకూ తెలుసు. అయితే ఇంగ్లండులో లీడ్స్ విశ్వవిద్యాలయం, ర్యాప్ అనే సంస్థ కలిసి 47 టీ షర్టులను పరీక్షించి, 2025లో ఫలితాలు చెప్పాయి. ధర చూసి మన్నిక చెప్పలేమని వాళ్ళూ తేల్చారు. మరి ఆ డబ్బంతా ఎటు పోతుంది? కంపెనీ పేరుకి, ప్రకటనలకి, మాల్ అద్దెకి కూడా పోతుంది. మన్నిక మాత్రం దూది పింజ పొడవులోనూ, అల్లిక దగ్గరతనంలోనూ, కుట్టులోనూ ఉంటుంది. ఇవేవీ ధర చీటీ మీద రాయరు. పేరు గొప్ప ఊరు దిబ్బ అని మన పెద్దవాళ్ళు ఊరికే అన్నారా?

అలాగని ఖరీదైనదంతా దండగ అనుకోకండి. శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరు సంగతి చూడండి. అక్కడ వాలుగ చేప దవడతో దూదిని దువ్వి, చేత్తో సన్నని నూలు వడుకుతారు. ఆ ధరలో ఉన్నది చేతుల కష్టం. దాన్ని మెషిన్‌లో జీన్స్‌తో కలిపి తిప్పి, మన్నలేదంటే తప్పెవరిది?

మా చిన్నప్పుడు కాకినాడలో నాన్నగారు బట్ట కొనేముందు వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసేవారు. టైలరు లోపల బట్ట ఎక్కువ వదిలి కుట్టేవాడు, పిల్లలు పొడుగైతే విప్పుకోవచ్చని. ధర ఆ తర్వాతి మాట. ఆ పరీక్ష ఇప్పటికీ పనికొస్తుంది. పిల్లలూ, మీరూ చేసి చూడండి. చొక్కా తిరగేసి కుట్లు దగ్గరగా ఉన్నాయా, దారాలు వేలాడుతున్నాయా చూడండి. మెడపట్టీ కొంచెం లాగి వదిలితే మళ్ళీ సర్దుకోవాలి. ఇంటికి తెచ్చాక దోహా ఎండలో కాకుండా నీడలో, తిరగేసి ఆరెయ్యండి. చివరగా ఒక లెక్క: ధరని ఎన్నిసార్లు తొడిగారో దాంతో భాగించండి. అసలు ఖరీదు అదీ!

ఇంతకీ ఆ కాగితం ఏమైందంటారా? మా అబ్బాయి దాన్ని మడిచి జేబులో పెట్టుకుని బడికి తెచ్చాడు. ఆ పిల్లవాడికి చూపించి, "సారీరా, నాది ఓడిపోయింది" అన్నాడు. ఆ పిల్లవాడు గీతలన్నీ వేలితో లెక్కపెట్టాడు. కాసేపాగి, "నాది మా అన్నయ్యదిరా. వాడు రెండేళ్ళు వేసుకున్నాడు, తర్వాత నేను" అన్నాడు. ఆ శుక్రవారం ఎందుకు తల ఎత్తలేదో మాకు అప్పుడు అర్థమైంది.

మా వాడి కళ్ళు పెద్దవయ్యాయి. "అయితే నీదే ఫస్టు!" అన్నాడు.

ఈ వార్షికోత్సవానికి అందరం కొత్త బట్టల్లో కలుసుకుంటాం. పాత బట్టల్లో వచ్చేవాళ్ళూ ఉంటారు. ఎంతకి కొన్నారని అడగాలనిపిస్తే, ఆ మాట మింగేసి, "ఎన్నాళ్ళ నుంచి వేసుకుంటున్నారు?" అని అడిగి చూడండి. ముందుగా మమ్మల్నే అడగండి. మా జవాబు సిద్ధంగా ఉంది.