నేల టిక్కెట్టు

ఇంటి జమాఖర్చు వ్రాయు గృహిణికి బియ్యము, పాలు, బడి జీతము, మందులు మొదలగు పద్దులు వ్రాయుట కష్టము కాదు. అవి వలయునా వలదా యను సంశయము పుట్టదు. వినోదమునకై చేసిన వ్యయము దగ్గర మాత్రము కలము ఆగును. అది యెంత యుండదగును? ఎవరికి ఉండదగును? ఆడుబిడ్డ తాను సంపాదించుకొన్న ధనముతో పాట వినబోయెద ననిన నది దుబారా యగునా? ఈ ప్రశ్నలు మా యింట రెండు మాసములు నలిగినవి. వానిని గూర్చి సోదరీమణులతో నాలుగు మాటలు ముచ్చటింపవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాను.

మా యమ్మాయి బెంగుళూరిలో ఉద్యోగము చేయుచున్నది. మా యక్కగారి కుమారుడు హైదరాబాదులో ఇంజనీరు. మా మఱిది వీరిద్దఱికంటె పెద్దవాడు, ఇద్దఱు బిడ్డల తండ్రి. ఈ మువ్వురకును హెవీ మెటల్ అను పాశ్చాత్య సంగీతమనిన ప్రాణము. బరువైన లోహమని ఆ పేరునకు అర్థము. పేరునకు తగినట్లే యది బిగ్గఱగా మ్రోగును. వీరు పండుగలకు మా యింట చేరినప్పుడు సాగు చర్చ పాటలను గూర్చి కాదు. ఏ బృందము ఏ దేశములు తిరుగుచున్నది, ఎంత పెద్ద మైదానములో పాడుచున్నది, టిక్కెట్టు వెల యెంత అనువానిని గూర్చియే. విస్తళ్లు ఎత్తివేసిన తరువాత కూడ ఆ వాదము ఎండిన చేతులతో సాగుచుండును. నేను ప్రక్కన తమలపాకులు తుడుచుకొనుచు వినుచుందును.

వినగా వినగా నాకు తోచినదేమనగా, ఈ సంగీతము ధనికుల మేడలలో పుట్టినది కాదు. ఇంగ్లాండులో బర్మింగుహాము అను కర్మాగారముల పట్టణమున పుట్టినది. అచ్చటి బ్లాక్ సబ్బత్ అను బృందము 1970 ఫిబ్రవరి 13వ తేదీన తన మొదటి ఆల్బమును వెలువరించెను. ఈ సంగీతమునకు ఆదిగా పెక్కురు దానినే చెప్పుదురు. ఆ బృందపు గాయకుడు ఓజీ ఆస్బర్న్ ఒకప్పుడు కబేళాలో పనిచేసినవాడు. గిటారు వాయించు టోనీ అయోమీ పదునేడేండ్ల ప్రాయమున లోహపు రేకుల కర్మాగారములో కూలివాడు. ఆ పని మానుకొను నాడే, మధ్యాహ్నము భోజనమునకు ఇంటికి వచ్చి తిరిగి పోనని చెప్పగా, తల్లి "పని సరిగా ముగించి ర"మ్మని పంపినదట. ఆ పూటనే యంత్రములో చిక్కి అతని కుడిచేతి రెండు వ్రేళ్ల కొనలు తెగిపోయెను. అతడు ఎడమచేతి వాటమువాడు గనుక తంత్రులు నొక్కవలసిన వ్రేళ్లు అవియే. గిన్నెలు తోము సబ్బుద్రవము వచ్చు ప్లాస్టిక్కు సీసాను కరగించి వ్రేళ్లకు తొడుగులు చేసికొని, పైన తోలు అంటించి, మరల వాయింప నేర్చెను. నొప్పి తగ్గుటకై సన్నని తంత్రులు కట్టెను. తరువాత వానిని వదులు చేసి శ్రుతి తగ్గించెను. ఆ నాదమునకు గాంభీర్యము అట్లు వచ్చినది. ఈ కథ విన్నప్పుడెల్ల నాకు ఆ కుమారునికంటె ఆ తల్లియే ముందు తలపునకు వచ్చును.

ఇక వాదమునకు వత్తును. మా మఱిది పక్షము పెద్ద మైదానము. ఐరన్ మెయిడెన్ అను లండను బృందము 2007 మార్చి 17వ తేదీన బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్సులో పాడినప్పుడు అతడు విద్యార్థి. హైదరాబాదు నుండి రాత్రి రైలులో కూర్చుండుటకు చోటు లేక నిలిచియే పోయెనట. "వదినా, గాయకుడు నాకు బొటనవ్రేలంత కనబడినాడు. అయినను అంతమంది ఒక్క గొంతుతో పాడుచుండగా విన్నవాడు జన్మములో మఱవడు. చిన్నశాల అయినచో నా బోటివానికి ప్రవేశమే దొరకకపోవును" అని యతని వాదము. చోటు పెద్దదైన కొలది బీదవానికి సందు దొరకునని సారాంశము.

అక్కగారి అబ్బాయి దీని కొప్పుకొనడు. లండనులో హామర్‌స్మిత్ ఓడియన్ అను నాట్యశాల కలదు. సుమారు మూడున్నరవేల మంది పట్టుదురు. మోటర్‌హెడ్ అను బృందము 1981లో వెలువరించిన కచ్చేరీ ఆల్బము పేరులో ఆ శాల పేరును చేర్చుకొన్నది. అట్టి శాలలో వినుటయే వినుట యని యితని మతము. ఇతడు శాస్త్రము కూడ చెప్పును. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. వేదికకు నూఱు మీటర్ల దూరమున నిలిచినవానికి డోలు దెబ్బ కంటికి కనబడిన తరువాత సెకనులో దాదాపు మూడవవంతు గడచి చెవికి చేరును. అందుచే మైదానము నడుమ వేఱే స్తంభములపై ధ్వనియంత్రములు కట్టి, వానిలోని ధ్వనిని ఆ మేరకు ఆలస్యము చేసి పంపుదురు. "అనగా మామయ్య విన్నది కచ్చేరీ కాదు, స్తంభము" అని వేళాకోళము చేయును.

కాని చిన్నశాల యనునది ఎల్లప్పుడును రుచి కొఱకే కాదు. ఐరన్ మెయిడెన్ వారు 1990లో ఆడంబరములు తగ్గించి, తమ దేశమున కోరి చిన్నశాలలలో పాడిరి. తరువాత గాయకుడు విడిపోయిన కాలమున, 1990 దశాబ్దపు నడుమ, అమెరికాలో చిన్నచోట్ల పాడుట వారికి కోరిక కాదు. జనము తగ్గుటయే కారణము. 1999లో పాత గాయకుడు బ్రూస్ డికిన్‌సన్ తిరిగి రాగా మరల పెద్దచోట్లు నిండెను. ఒకే కొలత గల శాల ఒకప్పుడు రుచియు మఱియొకప్పుడు దైన్యమును కావచ్చును.

మా యమ్మాయి వీరిద్దఱి నడుమ నిలుచును. మెటాలికా అను అమెరికా బృందము 2023 ఏప్రిలు 27వ తేదీన ఆంస్టర్‌డాములో ఆరంభించిన యాత్రను ఉదాహరించును. అందు వేదిక మైదానము నడుమ వలయాకారముగ నుండును. చుట్టును ఎనిమిది గోపురముల వంటి స్తంభములు నిలిపి వానిపై తెరలను, ధ్వనియంత్రములను అమర్చిరి. పెక్కు నగరములలో రెండు రాత్రులు. మొదటి రాత్రి పాడిన పాట రెండవ రాత్రి పాడరు. "చోటు పెద్దదైనంత మాత్రమున దూరము పెరుగ నక్కఱలేదు, వేదికను నడుమకు జరిపిన చాలు" అని యామె చెప్పగా, అక్కగారి అబ్బాయి "అన్ని పాటలు వినుటకు రెండు టిక్కెట్లు కొన వలెనుగదా" అనెను. ఆ మాటకు ఆమె నవ్వినదే కాని బదులు చెప్పలేదు.

వెలలు ఏల పెరిగినవని నేనడిగితిని. పూర్వము ఆల్బములు అమ్ముటకై యాత్రలు చేయువారట. ఇప్పుడు నెలకు కొంత చెల్లించినచో ఫోనులోనే యన్ని పాటలును వినవచ్చును. ఒక్కొక్క పాటకు గాయకునికి వచ్చునది అత్యల్పము. కావున యాత్రయే జీవనాధార మయ్యెను. ఉక్కు వేదికలు, వానిని మోయు లారీలు, కట్టువారు, విప్పువారు, విమానములు – అన్నియు టిక్కెట్టు నుండియే రావలెను. ఐరన్ మెయిడెన్ వారు 2008 ఫిబ్రవరి 1వ తేదీన ముంబయిలో ఆరంభించిన యాత్రకు బోయింగు 757 విమానములో మనుష్యులను, సామగ్రిని కూడ ఎక్కించుకొని తిరిగిరి. ఆ విమానమును గాయకుడు డికిన్‌సనే నడపెను! బండి తోలువానికి జీతము మిగిలినదని మా యత్తగారు మెచ్చుకొనిరి.

వ్యయమును బట్టి వెల కట్టినచో ఎవరును నొవ్వరు. కొనువారి ఆతురతను బట్టి వెల కట్టుట ఇప్పటి రీతి. శ్రావణ శుక్రవారమునాడు మల్లెల వెల పెరుగుట మన మెఱుగుదుము. అయినను పూలమ్మి బుట్ట దించగానే వెల చెప్పును. మనము మూర దండ కొనుచుండగా రెండవ మూరకు వెల పెంచదు. టిక్కెట్లమ్ము కొన్ని యంత్రములు ఆ పనియే చేయుచున్నవి. వరుసలో వేచియుండగనే వెల యెక్కును. కొందఱు వందలకొలది కొని దాచి, బ్లాకులో అమ్ముదురు. దీనిపై తగవు క్రొత్తది కాదు. 1994లో పెర్ల్ జాం అను అమెరికా రాక్ బృందము తమ టిక్కెట్టు 20 డాలర్లు మించరాదని పట్టుబట్టి, టికెట్‌మాస్టర్ అను సంస్థపై ప్రభుత్వమునకు ఫిర్యాదు చేసెను. ఆ విచారణ 1995లో ముగిసిపోయెను, ఫలము కలుగలేదు. మరల 2024 మే నెలలో ఆ దేశపు న్యాయశాఖయే ఆ సంస్థపైనను, దాని మాతృసంస్థపైనను దావా వేసెను. కాబట్టి యిది మా యింటి పిల్లల గొడవ మాత్రమే కాదు.

ఇట్లుండగా బెంగుళూరిలో ఒక కచ్చేరీ ప్రకటింపబడెను. ముందు ఆవరణ వెల వెనుక ఆవరణ వెలకు రెండింతలకు మించియున్నది. మా యమ్మాయి యేడాది కూడబెట్టిన సొమ్ము ముందు ఆవరణలో ఒక్క టిక్కెట్టునకు సరిపోవును. మా చెల్లెలి కుమార్తె కర్నూలులో డిగ్రీ చదువుచున్నది. ఆ పాటలు అక్కవద్దనే నేర్చినది. తన్ను కూడ తీసికొనిపొమ్మని అడుగుటకు సిగ్గుపడి, కచ్చేరీ యెట్లు జరిగినదో ఫోనులో చెప్పుమని మాత్రము అడిగినది. ఆ మాట విని మా యమ్మాయి రెండు దినములు ఎవరితోను వాదింపలేదు. మూడవనాడు వెనుక ఆవరణలో రెండు టిక్కెట్లు కొన్నది.

చెల్లెలి భర్త ముందు సమ్మతింపలేదు. ఆడుపిల్లలకు ఆ రొద యేమిటి యని యతని మాట. గర్ల్‌స్కూల్ అను స్త్రీల బృందము 1978లోనే లండనులో ఏర్పడినదనియు, జర్మనీ గాయని డోరో పెష్ వేలమంది యెదుట ఈ సంగీతమునే పాడుచున్నదనియు మా యమ్మాయి చెప్పినది. అతనికి గాయనులు కాదు కావలసినది, క్షేమము. అది న్యాయమైన ప్రశ్న. 2011 అక్టోబరు 28న గురుగ్రామములో మెటాలికా వారి కచ్చేరీ జరుగవలసియుండగా, అడ్డుకంచెల భద్రత చాలక నాడు ఆపివేసిరి. కోపించిన జనము వేదిక నెక్కి సామగ్రి పగులగొట్టిరి. అదే బృందము 30వ తేదీన బెంగుళూరులో చక్కగ పాడెను. కావున మేము వలదని చెప్పక, అడుగవలసినవి అడిగితిమి. త్రాగునీరు లోపల దొరకునా? స్త్రీలకు మరుగుదొడ్లు ఎన్ని? బయటికి పోవు దారులెన్ని? రాత్రి తిరిగివచ్చు బండి యెవరిది? కచ్చేరీ ఆగినచో ధనము తిరిగి యిత్తురా? పిల్లలు ఒక్కొక్కదానికి జవాబు తెచ్చిరి. మా మఱిది తోడుపోవుదునని, తన టిక్కెట్టు తాను కొనెను. అప్పుడు చెల్లెలి భర్త ఒప్పుకొనెను.

జర్మనీలో వాకెన్ అను గ్రామము కలదు. జనము సుమారు రెండువేలు. 1990 నుండి యచ్చట ఏటేట ఈ సంగీతపు తిరునాళ్ల జరుగుచున్నది. మొదటి యేడు వచ్చినవారు ఎనిమిది వందలు. ఇప్పుడు ఎనుబదియైదు వేలు. పొలములలో గుడారములు వేసికొందురు. గ్రామపు అగ్నిమాపకదళము వారి వాద్యబృందము కూడ వేదిక నెక్కి వాయించును. 2024లో పండుగ మొత్తమునకు టిక్కెట్టు 333 యూరోలు. ఆ మొత్తము తక్కువ కాదు. కాని వెల ముందుగా తెలియును. ముందు వచ్చినవాడు వేదిక ముందర నిలుచును. 2023లో వానలకు పొలము బురదయై, దారిలోనున్న వేలమందిని లోనికి రానీయక ఆపవలసివచ్చెను. అయినను మఱుసటి యేడు జనము తగ్గలేదు.

ఓజీ ఆస్బర్న్ కడపటి కచ్చేరీ 2025 జులై 5వ తేదీన, తాను పెరిగిన ఆస్టను పేటలోనే, విల్లా పార్కు మైదానమున జరిగెను. అతడు నిలువలేక సింహాసనముపై కూర్చుండి పాడెను. దాని లాభము పిల్లల వైద్యశాలకును, పిల్లల శుశ్రూషాలయమునకును, కంపవాత పరిశోధనకును కేటాయించిరి. పదునేడు దినములకు, జులై 22న, అతడు మరణించెను. కూలివారి బిడ్డలు పుట్టించిన సంగీతము కడకు జన్మస్థలమునకే చేరినదని మా మఱిది కన్నుల నీరు పెట్టుకొనెను.

నాకు తోచినది చెప్పి ముగించెదను. గాయకునికి కూలి దక్కవలెను. అందులకు వెల యుండవలసినదే. కాని ఆ వెల ముందుగా ప్రకటింపబడవలెను. వరుసలో నిలిచినవానికి నడుమ మార్పరాదు. మన నాటకములకు, సినిమాలకు నేల టిక్కెట్టని యొకటి యుండెడిది. కుర్చీవానికి కుర్చీ యుండెను, నేలవానికి నేల యుండెను. ఈలలు వేసి నాటకమును బ్రదికించినవాడు నేలవాడే. వేదిక ముందరి నేలను కుర్చీకంటె ప్రియము చేసి అమ్మినచో, ఆ పాటను పుట్టించిన వర్గమునే గడప యవతల నిలిపినట్లగును.

సోదరీమణులారా! మీ పిల్లలు ఇట్టి కచ్చేరీకి పోయెదమన్నప్పుడు, రొద యని త్రోసిపుచ్చక, వెల యెంత, చోటెంత, దారి యెక్కడ అని అడుగుడు. వారు వాదింతురు, లెక్క వేయుదురు, ఒక్కొక్కప్పుడు తమంత తామే ముందు ఆవరణ విడిచి, చెల్లెలి చేయి పట్టుకొని వెనుక నిలువ నేర్చుకొందురు.