పసుపు తొమ్మిది వందలు, పార్శిల్ ఆరు వేలు

  ఈ పోస్టు కొంచెం పొడుగే. పసుపో, కారమో, బెల్లమో సొంతంగా అమ్ముకుంటూ, "విదేశాల్లో మనవాళ్లున్నారు కదా, అక్కడికి పంపితే నాలుగు రూపాయలు మిగులుతాయి" అని ఆలోచించేవాళ్లు మాత్రం చివరిదాకా చదవండి. నేను డబ్బులు పోగొట్టుకుని, కొంచెం పరువు కూడా పోగొట్టుకుని నేర్చుకున్న సంగతులివి. మీకు ఊరికే వస్తాయి.

మాది దుగ్గిరాల పక్క. మూడెకరాల పసుపు. యార్డుకి వేస్తే వచ్చే రేటు మన చేతిలో ఉండదని మీకు చెప్పేదేముంది. అందుకే కొన్నేళ్లుగా మంచి కొమ్ము కొంత పక్కన పెట్టి, పట్టించి, అరకిలో పౌచ్‌లు కట్టి ఫోన్లోనే అమ్ముతున్నాం. హైదరాబాదు, బెంగుళూరు దాకా ఇబ్బంది లేదు. ఒకసారి వేసవిలో మా ఊరి మాస్టారి అమ్మాయి న్యూజెర్సీ నుంచి ఫోన్ చేసింది. "బాబాయ్, నాకూ నా స్నేహితురాళ్లకూ కలిపి మూడు కిలోలు పంపవా" అంది. కిలో మూడు వందలు. సరుకు తొమ్మిది వందలు. కొరియర్‌కి ఎంతవుతుందని అడిగితే, కిలోకి ఎనిమిది వందలు అని ఎవరో చెప్పిన మాట పట్టుకుని, "రెండున్నర వేలవుతుందమ్మా" అన్నాను. పంపించింది.

ఇంట్లో ఉన్న పెద్ద అట్టపెట్టె తీసి, పౌచ్‌లు నలగకూడదని చుట్టూ పేపర్లు కుక్కి, గట్టిగా టేపు వేసి టౌన్లో ఇచ్చాను. అక్కడి కుర్రాడు త్రాసు మీద పెట్టాడు. మూడు కిలోల నాలుగు వందలు. తర్వాత టేపు తీసి పెట్టెని కొలిచాడు. పొడుగు 45, వెడల్పు 32, ఎత్తు 26 సెంటీమీటర్లు. మూడూ హెచ్చించి 5000తో భాగించాడు. ఏడున్నర కిలోలు వచ్చింది. బిల్లు ఆరు వేలు. "ఇదేంటయ్యా, పసుపు మూడు కిలోలేగా" అంటే, "విమానంలో మీ పెట్టె పట్టే చోటుకి డబ్బులండీ, అసలు బరువు, చోటు బరువు రెండిట్లో ఏది ఎక్కువైతే అది కట్టాలి" అన్నాడు. తొమ్మిది వందల సరుక్కి ఆరు వేల కిరాయి. నాలుగు కిలోల గాలిని అమెరికా పంపించాను నేను. ఆ అమ్మాయిని మళ్లీ డబ్బులడగటానికి నోరు రాలేదు. మూడున్నర వేలు నేనే పెట్టుకున్నాను.

కాబట్టి మొదటి పాఠం. పార్శిల్ కట్టేముందు త్రాసు ఒక్కటే కాదు, కొలిచే టేపు కూడా తియ్యండి. ఆ తర్వాత మా ఇంటావిడ పౌచ్‌లని బల్లపరుపుగా పరిచి సీలు వేయడం మొదలుపెట్టింది. మూడు అరకిలో పౌచ్‌లు ఒకదానిమీద ఒకటి పేరిస్తే 24, 18, 8 సెంటీమీటర్ల పెట్టెలో సరిగ్గా కూర్చున్నాయి. చోటు బరువు కిలో కూడా లేదు. పెట్టెతో కలిపి అసలు బరువు కిలో ఏడు వందలు. అప్పట్లో పోస్టులో రెండు కిలోల లోపు వాటిని చిన్న ప్యాకెట్ అనేవారు. పొడుగు, వెడల్పు, ఎత్తు కలిపి 90 సెంటీమీటర్లు దాటకూడదనేవారు. మన పెట్టె 50. అందులో ఇమిడేలా సరుకు కట్టుకోవడం నేర్చుకుంటే సగం గెలిచినట్టే. ఐదు కిలోల పెట్టె ఒకటి పంపాలా, చిన్నవి మూడు పంపాలా అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. కౌంటర్లో రేట్ల పట్టిక చూపించమని అడిగి, ఇంటికొచ్చి లెక్క వేసుకోండి. తొందరపడి అక్కడే కట్టొద్దు.

ఇక రెండో సంగతి. ఇది చెప్పాలా వద్దా అని చాలాసార్లు అనుకున్నాను. చెప్తాను.

ఆర్డర్లు పెరిగాయి. కాగితాల గోల ఎందుకని పార్శిళ్లు కట్టే ఒక ఏజెంటుకి ఇచ్చేవాణ్ణి. "దీని మీద గిఫ్ట్ అని రాసేద్దాం అన్నా, అందరూ రాసేదే, ఎవరూ అడగరు" అన్నాడు. సరే అన్నాను. నాలుగైదు వెళ్లాయి కూడా. ఒకటి ఆగింది. పెట్టె విప్పితే ధరల లేబులుతో సహా అమ్మకం సరుకు కనపడుతుంటే బహుమతి అంటే ఎవడు నమ్ముతాడు? అడిగిన కాగితాలు మన దగ్గర లేవు. పసుపు పోయింది, కిరాయి పోయింది. ఆ పార్శిల్ కూడా మాస్టారి అమ్మాయిదే. తన పేరు మీద ఉత్తరం వచ్చిందని భయపడి ఫోన్ చేసింది. "బాబాయ్, నేనేమన్నా తప్పు చేశానా" అని అడిగింది. ఆ మాటకి నాకు తల కొట్టేసినట్టయింది.

డబ్బులు వెనక్కి పంపాను. రాత్రి అన్నం దగ్గర మా ఇంటావిడ ఒకటే అడిగింది. "ఎవరన్నా మన పసుపులో పిండి కలిపితే ఊరుకుంటారా? మరి కాగితంలో కలిపితే ఎలా ఊరుకున్నారు?"

నా దగ్గర సమాధానం లేదు. కల్తీ లేని పసుపు అని చెప్పి అమ్ముకునేవాణ్ణి, పెట్టె మీద కల్తీ మాట రాశాను.

మర్నాటి నుంచి కాగితాల పని పట్టుకున్నాను. ఏమేం కావాలో వరసగా చెప్తాను. విదేశానికి సరుకు అమ్మాలంటే ముందు ఐఈసీ నంబరు ఉండాలి. డీజీఎఫ్‌టీ సైట్లో పాన్, బ్యాంకు ఖాతాతో మనమే పెట్టుకోవచ్చు. ఫీజు 500 రూపాయలు. పసుపు, మిరప లాంటివైతే స్పైసెస్ బోర్డు దగ్గర ఎగుమతిదారుగా నమోదు తప్పనిసరి. ఆ ఆఫీసు మనకి గుంటూర్లోనే ఉంది. తినే వస్తువు కాబట్టి ఫుడ్ లైసెన్సు ఉండాలి. జీఎస్టీ సంగతి ఆడిటర్ని అడగండి. అమెరికాకైతే ఇంకో మెట్టుంది. సరుకు పట్టించి, ప్యాక్ చేసే చోటుని అక్కడి ఎఫ్‌డీఏలో నమోదు చేయించాలి. నమోదుకి ఫీజు లేదు గానీ అమెరికాలో మన తరఫున ఒక ఏజెంటు ఉండాలి, అతనికి డబ్బులివ్వాలి. సరుకు అక్కడికి చేరకముందే ఫలానా వస్తువు వస్తోందని ఎఫ్‌డీఏకి ముందుగా తెలియజేయాలి. ఇంట్లో చేసుకున్నది సొంతవాళ్లకి నిజంగా బహుమతిగా పంపేవాళ్లకి ఈ ముందస్తు కబురులో మినహాయింపు ఉంది. అమ్ముకునేవాళ్లకి లేదు. నేను తప్పిందే అక్కడ.

ఇవన్నీ చూసి మూడెకరాల రైతు ఏం చేస్తాడు? ఒక్కడి వల్ల కాదు. నా వల్లా కాలేదు. మేం ఎనిమిది మందిమి కలిశాం. మా రైతు సంఘం పేరు మీదే కోడు, సంఘం పేరు మీదే నమోదు, ఒకటే పట్టించే యూనిట్. ఖర్చు ఎనిమిది వాటాలు. అప్పుడు తేలికైంది. కాగితం ఖర్చు ఒక్క పార్శిల్ మీద వేస్తే కొండ. ఏడాదికి వెళ్లే పార్శిళ్లన్నిటి మీద వేస్తే పది ఇరవై రూపాయల మాట.

పంపడానికి పోస్టాఫీసుల్లోనే డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలని పెట్టారు. దేశమంతా వెయ్యికి పైగా ఉన్నాయి. ఎగుమతి బిల్లు కంప్యూటర్లో ఇంటి దగ్గరే నింపి, లేబులు తీసుకుని, పెట్టె అక్కడ ఇస్తే చాలు. కస్టమ్స్ వాళ్ల చుట్టూ మనం తిరగక్కర్లేదు. పత్రంలో ఒక గడి ఉంటుంది, చాలామంది చూడరు. అవతల ఎవరూ తీసుకోకపోతే సరుకు వెనక్కి రావాలా, వదిలెయ్యాలా అని. వెనక్కి అని టిక్కు పెడితే తిరుగు ఖర్చు మన మీద పడొచ్చు. సరుకు ఎంత ఖరీదో చూసుకుని టిక్కు పెట్టండి.

అంతా ఒక దారిన పడింది అనుకున్నాక, 2025 ఆగస్టులో దెబ్బ పడింది. అప్పటిదాకా 800 డాలర్ల లోపు సరుక్కి అమెరికాలో సుంకం ఉండేది కాదు. ఆగస్టు 29 నుంచి అది తీసేశారు. సుంకం ఎవరు వసూలు చెయ్యాలో, ఎలా కట్టాలో తేలక, ఆగస్టు 25 నుంచి మన పోస్టు అమెరికాకి బుకింగులు ఆపింది. ఉత్తరాలు, 100 డాలర్ల లోపు బహుమతులు మాత్రం తీసుకుంటామన్నారు. మా దగ్గర దసరాకి కట్టిన పెట్టెలు పద్నాలుగు ఉన్నాయి. డబ్బులు తీసేసుకున్నాం.

ఆ పాత ఏజెంటు మళ్లీ ఫోన్ చేశాడు. "అన్నా, గిఫ్ట్‌లు వెళ్తున్నాయి కదా. మీ పెట్టె వంద డాలర్ల లోపే." నిజం చెప్తున్నాను, ఒక పూటంతా ఆలోచించాను. ఇరవై వేలకు పైగా డబ్బు, పద్నాలుగు ఇళ్ల మాట. ఇంట్లో పెట్టెలు వరసగా ఉన్నాయి, గదంతా పసుపు వాసన. మా ఇంటావిడ ఏమీ అనలేదు. అనక్కర్లేదు కూడా.

పద్నాలుగు మందికీ విడివిడిగా మెసేజ్ పెట్టాను. సంగతి ఇది, ఎప్పుడు తెరుస్తారో తెలియదు, డబ్బులు కావాలంటే ఇవాళే వెనక్కి వేస్తాను అని. ఐదుగురు తీసుకున్నారు. తొమ్మిది మంది ఆగుతామన్నారు. ఆగినవాళ్లలో మాస్టారి అమ్మాయి ఒకతి. "నువ్వు చెప్పావు కదా బాబాయ్, చాలు" అంది.

అక్టోబరు 15న మళ్లీ తెరిచారు. అప్పుడు మన దేశం నుంచి వెళ్లే పోస్టు సరుక్కి, మనం రాసిన విలువ మీద 50 శాతం సుంకం ఉండేది. అది ఇక్కడే పంపేటప్పుడే కట్టేయాల్సి వచ్చేది, అవతలివాళ్ల దగ్గర వసూలు చేసేవారు కాదు. వినగానే గుండె ఆగినంత పనయింది. కూర్చుని లెక్క వేస్తే సంగతి తెలిసింది. సుంకం సరుకు విలువ మీదే, పోస్టు ఖర్చు మీద కాదు. మా పెట్టెలో సరుకు ఆరు వందలనుకుంటే సుంకం మూడు వందలు. పోస్టు ఖర్చు సరుకు ధరకి రెండింతల పైనే. అంటే మనల్ని తినేది సుంకం కంటే బరువే. ఆ తొమ్మిది పెట్టెల సుంకం సగం మేం పెట్టుకుని, సగం వాళ్లని అడిగాం. ఒక్కరూ కాదనలేదు. ఆ తర్వాత బయల్దేరాయి. ఇది అప్పటి లెక్క. అమెరికా రూలు రేపెలా మారుతుందో చెప్పలేం, కట్టేముందు మళ్లీ అడగండి.

చివరగా ఒక మాట. అన్నీ పంపాలని చూడకండి. బియ్యం, బెల్లం దిమ్మల్లాంటివి కిలోకి విలువ తక్కువ, కిరాయే మింగేస్తుంది. పచ్చళ్లు అడుగుతారు, నూనె కారితే పక్క పార్శిళ్లు కూడా పాడు. మాంసం పచ్చళ్లయితే అమెరికా రానివ్వదు. విత్తనం కొమ్ము అడిగినా ఊరికే పెట్టెలో వెయ్యకండి, దానికి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. బరువు తక్కువ, విలువ ఎక్కువ, పొడిగా ఉండేది, ఆరునెలలు నిలవుండేది అయితేనే దిగండి. చవక పార్శిల్ అని ఎవడో అమ్మేది ఉండదు. పెట్టె చిన్నది చేసుకుంటే కొంత, నలుగురు కలిస్తే కొంత, ఉన్నదున్నట్టు రాస్తే కొంత, అలా మనమే చవక చేసుకోవాలి.

మా చుట్టుపక్కల ఊళ్లలో ఎవరైనా సంఘంలో కలుస్తానంటే రండి. ఎనిమిది వాటాలు పన్నెండైతే అందరికీ ఇంకా తగ్గుతుంది. త్రాసు, టేపు రెండూ మా అరుగు మీదే ఉంటాయి. మీ పెట్టె తెచ్చుకోండి, కొలుద్దాం.